ప్రేరణ లేకపోయినా నాడీకణం లయ తప్పకుండా స్పైక్‌లు ఎలా వెలువరిస్తుంది?

కావలి అధ్యాపకురాలు

డిగ్రీ తరగతులకు నాడీకణం పాఠం చెప్పేటప్పుడు మేమందరం దాదాపు ఒకే క్రమాన్ని పాటిస్తాం. విశ్రాంతిలో కణం లోపలి వోల్టేజి సుమారు −70 మిల్లీవోల్టులు ఉంటుందని, ప్రేరణ అందినప్పుడు సోడియం ఛానెళ్ళు (కణపు పొరలోని అయాన్ల ద్వారాలు) తెరుచుకుని అది పైకి ఎగుస్తుందని, ఆ తరువాత పొటాషియం బయటికి పోయి కణం తిరిగి విశ్రాంతికి చేరుతుందని వివరించి, నల్లబల్ల మీద ఒక్క స్పైక్ (వోల్టేజి ఇలా ఒక్కసారి ఎగసి దిగడం) బొమ్మ గీసి పాఠం ముగిస్తాం. ఈ చిత్రంలో కణం ఎప్పుడూ బయటి నుంచి వచ్చే ప్రేరణ కోసం ఎదురుచూసేదిగానే కనిపిస్తుంది.

అయితే చిన్నమెదడులోని పుర్కింజే కణాలను విడదీసి, ఏ ఇతర కణంతోనూ సంబంధం లేకుండా పాత్రలో ఉంచినా అవి సెకనుకు పదుల సార్లు స్పైక్‌లు వెలువరిస్తూనే ఉంటాయి. మధ్యమెదడులోని డోపమిన్ కణాలు సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లు, గడియారంలా, అదే పని చేస్తాయి. ఒక విద్యార్థిని నన్ను అడిగిన ప్రశ్న ఇది: స్పైక్ ముగిసి కణం విశ్రాంతికి చేరుకున్నాక, రెండవ స్పైక్‌ను మొదలుపెట్టేది ఏది? పాఠ్యపుస్తకంలోని వాక్యాలు దీనికి సరిపోవు. ఈ విషయం మీద పనిచేసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

సింహపురి శరీరధర్మం (నెల్లూరు)

మేడమ్ గారూ, స్పైక్ ముగిశాక కణం విశ్రాంతికి చేరుకుంటుందన్న మాట హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో వర్ణించిన స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్‌కు (నాడీకణపు పొడవాటి తీగకు) వర్తిస్తుంది కాని, వాటంతట అవే స్పైక్‌లు వెలువరించే లయకారక కణాలకు వర్తించదు. ఆ ఆక్సాన్‌లో −65 మిల్లీవోల్టుల దగ్గర లోపలికి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు సరిసమానమై ఉంటాయి. కొద్దిగా కదిపినా వోల్టేజి మళ్ళీ అక్కడికే వస్తుంది. లయకారక కణంలో −70కీ −45కీ మధ్య అటువంటి నిలకడ బిందువు ఒక్కటి కూడా ఉండదు. ఆ మేరలో ఏ వోల్టేజి దగ్గర చూసినా లోపలికి వచ్చే కరెంటుదే కొద్దిపాటి పైచేయి. అందువల్ల స్పైక్ తరువాత కిందికి దిగిన వోల్టేజి ఎక్కడా ఆగే వీలు లేక, నెమ్మదిగా పైకి పాకుతూ తిరిగి స్పైక్ హద్దును తాకుతుంది. మీ విద్యార్థిని ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, ఆ కణానికి విశ్రాంతి అనే స్థితే లేదు.

ఆ పైచేయి ఎక్కువ కణాలలో సోడియం వల్ల వస్తుంది. స్పైక్‌ను పుట్టించే సోడియం ఛానెళ్ళు ఒకటి రెండు మిల్లీసెకన్లలో నిష్క్రియమైపోతాయని పాఠంలో చెబుతాం. నిజానికి వాటిలో ఒక చిన్న భాగం, గరిష్ఠ కరెంటులో ఒక శాతం అటూఇటూగా, మూతపడకుండా మిగిలిపోతుంది. స్పైక్ ఎత్తుతో పోలిస్తే ఇది లెక్కలోకి రానంత చిన్నది. కాని రెండు స్పైక్‌ల మధ్య కాలంలో మిగతా కరెంట్లన్నీ అతి స్వల్పంగా ఉంటాయి కాబట్టి అక్కడ నిర్ణయాధికారం దీనిదే. దీనికి తోడు వోల్టేజితో నిమిత్తం లేకుండా తెరిచి ఉండే ఎన్ఏఎల్‌సీఎన్ అనే లీకు ఛానెల్ ఉంది. వెన్నెముక గల జంతువుల నాడీకణాలలో దాని పాత్ర 2007లో స్పష్టమైంది. ఆ జన్యువు లేకుండా పుట్టిన ఎలుక పిల్లలు శ్వాస లయ దెబ్బతిని ఒక్క రోజులోపే మరణించాయి. మన దినచర్యను నడిపే సుప్రాకయాస్మాటిక్ కేంద్రకంలో సుమారు 20,000 కణాలు ఉంటాయి. పగటివేళ వాటిలో ఈ సోడియం లీకు పెరుగుతుంది, రాత్రివేళ పొటాషియం కరెంట్లు పెరుగుతాయి, అందుకే అవి పగలు వేగంగానూ రాత్రి మందంగానూ స్పందిస్తాయి.

అయితే లోపలికి వచ్చే కరెంటు ఒక్కటే లయను పుట్టించలేదు. అదొక్కటే ఉంటే వోల్టేజి పైకి లేచి అక్కడే చిక్కుకుపోతుంది. సోడియం ఛానెళ్ళన్నీ నిష్క్రియ స్థితిలో ఉండిపోయి కణం మూగబోతుంది. వాటిని మళ్ళీ పనికి సిద్ధం చేయాలంటే వోల్టేజిని బలంగా కిందికి లాగి, కొంతసేపు అక్కడ ఉంచే కరెంటు కావాలి. స్పైక్ సమయంలో తెరుచుకునే పొటాషియం ఛానెళ్ళు, లోపలికి వచ్చిన కాల్షియం తగలగానే తెరుచుకునే మరో రకం పొటాషియం ఛానెళ్ళు ఆ పని చేస్తాయి. ఈ రెండవ రకంలోని ఎస్‌కే ఛానెళ్ళను తేనెటీగ విషంలోని అపామిన్ మూసివేస్తుంది. డోపమిన్ కణాలకు అపామిన్ ఇస్తే స్పైక్‌లు ఆగవు గాని వాటి మధ్య వ్యవధి గతి తప్పుతుంది. లయను నిలబెట్టేది ఏ ఒక్క ఛానెలూ కాదని, ఒక కరెంటుకూ దానిని ఎదిరించి ఆలస్యంగా మేల్కొనే మరో కరెంటుకూ మధ్య ఉన్న ఆ ఆలస్యమేనని నేను దృఢంగా నమ్ముతున్నాను.

గుండ్లకమ్మ గట్టు

నేను విద్యుత్ ఇంజనీరును. పై వివరణలోని 'కొద్దిపాటి పైచేయి' ఎంతో లెక్క కట్టి చూశాను. కణపు పొర కెపాసిటెన్సు 50 పికోఫారడ్లు అనుకుందాం. వోల్టేజి −70 నుంచి −45 వరకు, అంటే 25 మిల్లీవోల్టులు, 300 మిల్లీసెకన్లలో ఎక్కాలి. అందుకు కావలసిన నికర కరెంటు 4 పికోఆంపియర్ల పైచిలుకు మాత్రమే. తెరుచుకున్న ఒక్క సోడియం ఛానెల్ గుండా ఆ వోల్టేజి దగ్గర ఒకటి రెండు పికోఆంపియర్లు ప్రవహిస్తాయంటారు కాబట్టి, రెండు మూడు ఛానెళ్ళు తెరిచి ఉన్నంత కరెంటే డోపమిన్ కణపు లయను నడుపుతున్నట్లు లెక్క. అయాన్లలో చెప్పాలంటే ఒక్కో విరామంలో సుమారు 78 లక్షల ధనావేశాలు లోపల మిగలాలి. నా లెక్కలో పొరపాటు ఉంటే దయచేసి చెప్పగలరు.

సింహపురి శరీరధర్మం (నెల్లూరు)

ఇంజనీరు గారూ, లెక్క సరిగానే ఉంది. ఇక్కడ 'నికర' అన్న మాట మీద దృష్టి పెట్టమని చదువరులను కోరుతున్నాను. వచ్చేదీ పోయేదీ విడివిడిగా ఇంతకంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు. ఆ రెండింటి తేడా మాత్రమే నాలుగు పికోఆంపియర్లు. ఇంత సన్నని తేడా మీద నిలబడింది కాబట్టే, ఏదైనా ఒక ఛానెల్‌ను కొద్దిగా కదిపితే చాలు, లయ వేగం మారుతుంది. నోరడ్రినలిన్, సెరటోనిన్ వంటి రసాయనాలు మెదడు స్థితిని మార్చగలగడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఒంగోలు వైద్యుడు

వివరణ బాగుంది, కాని ఒక లోటు కనిపిస్తున్నది. వైద్యవిద్యలో మాకు లయకారక కరెంటు అనగానే గుర్తుకు వచ్చేది హెచ్‌సీఎన్ ఛానెళ్ళ కరెంటు. గుండె లయ మొదలయ్యే సైనోఏట్రియల్ నోడ్‌లో దానిని బ్రౌన్, డిఫ్రాన్సెస్కో, నోబుల్ 1979లో వర్ణించారు. మిగతా ఛానెళ్ళు వోల్టేజి పైకి లేస్తే తెరుచుకుంటాయి. ఇవి వోల్టేజి కిందికి దిగితే తెరుచుకుంటాయి. గుండె వేగాన్ని తగ్గించడానికి మేము రాసే ఇవాబ్రడిన్ పనిచేసేది వీటి మీదే. మెదడులోనూ, ముఖ్యంగా కార్టెక్సుకు (మెదడు పైపొరకు) సమాచారం చేరవేసే థాలమస్‌లో, ఇవి సమృద్ధిగా ఉన్నాయి. మరి మీ సమాధానంలో వాటి ప్రస్తావనే లేకపోవడానికి కారణం ఏమిటి? నా దృష్టిలో మెదడు లయలకు కూడా మూలం అదే కావాలి.

సింహపురి శరీరధర్మం (నెల్లూరు)

డాక్టర్ గారూ, మీ ప్రశ్నకు రెండు భాగాలుగా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది, ఎందుకంటే థాలమస్ విషయంలో మీరు చెప్పినది చాలావరకు నిజం, మెదడు మొత్తానికి అన్వయిస్తే నిజం కాదు.

గాఢనిద్రలో థాలమస్ కణం నడిచే తీరు నాకు తెలిసిన లయలన్నింటిలోకీ అందమైనది కాబట్టి కాస్త నిదానంగా రాస్తాను. వోల్టేజి −80 దగ్గరికి దిగిందనుకోండి. అక్కడ రెండు మార్పులు జరుగుతాయి. టీ రకం కాల్షియం ఛానెళ్ళు నిష్క్రియ స్థితి నుంచి బయటపడి, తెరుచుకోవడానికి సిద్ధమవుతాయి. అయితే ఆ వోల్టేజి దగ్గర అవి తెరుచుకోలేవు. అదే సమయంలో హెచ్‌సీఎన్ ఛానెళ్ళు చాలా నెమ్మదిగా, వందల మిల్లీసెకన్ల కాలంలో, తెరుచుకుంటూ వోల్టేజిని పైకి లాగుతాయి. అది −65 ప్రాంతానికి చేరగానే సిద్ధంగా ఉన్న టీ ఛానెళ్ళు ఒక్కసారిగా తెరుచుకుని కాల్షియం ఉప్పెనలా లోపలికి వస్తుంది, దాని శిఖరం మీద నాలుగైదు సోడియం స్పైక్‌లు గుంపుగా వెలువడతాయి. ఆ ఎత్తులో హెచ్‌సీఎన్ ఛానెళ్ళు మూసుకోవడం మొదలవుతుంది, టీ ఛానెళ్ళు నిష్క్రియమైపోతాయి. పైకి లాగే రెండు కరెంట్లూ ఒకేసారి తప్పుకోవడం వల్ల పొటాషియం లీకు వోల్టేజిని తిరిగి −80కి దింపుతుంది, అక్కడి నుంచి కథ మళ్ళీ మొదలవుతుంది. సెకనుకు సుమారు సగం నుంచి నాలుగు సార్లు సాగే ఈ చక్రాన్ని మెక్‌కార్మిక్, పేప్ 1990లో విడమరిచి చూపించారు. మేలుకొన్నప్పుడు నోరడ్రినలిన్, సెరటోనిన్ సైక్లిక్ ఏఎంపీ అనే కణంలోపలి సంకేత అణువును పెంచి హెచ్‌సీఎన్ ఛానెళ్ళు మరింత సులువుగా తెరుచుకునేలా చేస్తాయి, పొటాషియం లీకును కూడా తగ్గిస్తాయి. దానితో వోల్టేజి −80కి దిగే అవకాశమే లేక, టీ ఛానెళ్ళు నిష్క్రియంగా ఉండిపోతాయి, అదే కణం గుంపులు మాని ఒక్కొక్క స్పైక్‌తో సమాచారాన్ని కార్టెక్సుకు చేరవేస్తుంది.

ఇక రెండవ భాగం. కార్టెక్సులోని అయిదవ పొర పిరమిడ్ కణాల డెండ్రైట్లలో (కొమ్మలలో) హెచ్‌సీఎన్ ఛానెళ్ళు పుష్కలంగా ఉన్నాయి, అయినా అవి వాటంతట అవి లయగా స్పందించవు. మరోవైపు డోపమిన్ కణాలలో ఈ కరెంటును మందుతో అడ్డుకుంటే చాలా కణాలలో లయ ఆగదు, కొన్నింటిలో మందగిస్తుంది. పుర్కింజే కణాలలో ముఖ్య చోదకశక్తి సోడియం కరెంటేనని రామన్, బీన్ విడదీసిన కణాలతో 1999లో నిరూపించారు. వారే 1997లో ఆ కణాలలో ఒక వింత సోడియం కరెంటును కనుగొన్నారు. స్పైక్ సమయంలో ఛానెల్ రంధ్రంలోకి ఒక ప్రోటీన్ ముక్క దూరి అడ్డుపడుతుంది, వోల్టేజి దిగుతున్నప్పుడు అది బయటికి వస్తుంది, ఆ క్షణంలో ఛానెల్ మరోసారి కరెంటును పంపుతుంది. స్పైక్ దిగే దశలోనే తరువాతి స్పైక్‌కు బీజం పడుతుందన్నమాట. కాబట్టి హెచ్‌సీఎన్ ఉండటం లయకు చాలినంత కారణమూ కాదు, అన్నిచోట్లా తప్పనిసరీ కాదు. గుండె నుంచి తెచ్చిన ఊహను మెదడంతటికీ పరచడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

ఒంగోలు వైద్యుడు

పిరమిడ్ కణాల ఉదాహరణ నన్ను ఒప్పించింది. థాలమస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఉపయోగపడే ఒక సంగతి చేర్చుతాను. పాఠశాల వయసు పిల్లలలో ఒక రకం మూర్ఛ ఉంటుంది. కింద పడరు, కొట్టుకోరు. మాట మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, తిరిగి ఏమీ జరగనట్లు కొనసాగిస్తారు. పరధ్యానమని మందలించడమే ఎక్కువగా జరుగుతుంది. ఈఈజీ (మెదడు విద్యుత్ అలల నమోదు) తీస్తే సెకనుకు మూడు చొప్పున అలలు స్పష్టంగా కనిపిస్తాయి. థాలమస్, కార్టెక్సు కలిసి అనుచితమైన వేళలో లయలోకి జారడం దీనికి మూలం. దశాబ్దాలుగా వాడుతున్న ఇతోసక్సిమైడ్ టీ రకం కాల్షియం కరెంటును తగ్గిస్తుంది, దాని ప్రభావానికి ఇదే ప్రధాన కారణమని భావిస్తారు. ఇటువంటి లక్షణాలు కనిపిస్తే పిల్లలను దండించకుండా నరాల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళమని మనవి.

డోపమిన్ కణాల గురించి కూడా ఒక మాట. మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో ఉండే ఈ కణాలలో ప్రతి స్పైక్‌తో పాటు ఎల్ రకం ఛానెళ్ళ గుండా కాల్షియం లోపలికి వస్తుంది, దానిని బయటికి తోడడానికి మైటోకాండ్రియా జీవితాంతం శ్రమించాలి, పార్కిన్సన్ వ్యాధిలో ఇవే ముందుగా చనిపోవడానికి అది కారణం కావచ్చునని సర్మయర్ బృందం 2007లో ప్రతిపాదించింది. ఆ ఊహ ఆధారంగా, ఎల్ రకం ఛానెళ్ళను అడ్డుకునే ఇస్రాడిపిన్ మందును 336 మంది రోగులలో మూడేళ్ళు పరీక్షించారు, 2020లో వెలువడిన ఫలితం ప్రకారం అది వ్యాధి గమనాన్ని తగ్గించలేదు. ఊహ పూర్తిగా తప్పా, మోతాదు చాలలేదా అన్న వాదన నడుస్తూనే ఉంది. రోగికి మాత్రం ఆ మందును ఈ కారణంతో రాయడానికి ప్రస్తుతం ఆధారం లేదు.

అల్లూరు రొయ్యల చెరువు

నేను వెనామీ సాగు చేస్తాను, డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. రొయ్య కడుపును నడిపే చిన్న నాడీముడి మీద ఇటువంటి పరిశోధనలు జరిగాయని చదివిన గుర్తు. అది నిజమేనా? మరొక సందేహం కూడా ఉంది. ఉప్పుశాతం తక్కువగా ఉన్న బోరునీటి చెరువులలో పొటాషియం లోపిస్తే రొయ్యలు కొంకర్లుపోయి చనిపోతాయి, అందుకే మేము పొటాష్ చల్లుతాం. దానికీ మీరు చెబుతున్న పొటాషియం కరెంట్లకూ సంబంధం ఉందా?

సింహపురి శరీరధర్మం (నెల్లూరు)

మొదటి సందేహానికి అవుననే సమాధానం. పీతలు, లాబ్‌స్టర్లు, రొయ్యలు వంటి పది కాళ్ళ జీవులన్నింటిలో కడుపు మీద సుమారు ముప్పై కణాల నాడీముడి ఒకటి ఉంటుంది. దానిని శరీరం నుంచి వేరుచేసి పాత్రలో ఉంచినా సెకనుకు ఒకసారి అటూఇటూగా లయ కొనసాగుతుంది. ఈవ్ మార్డర్ తన పరిశోధనా జీవితంలో ఎక్కువ భాగం దీనికే వెచ్చించారు. ప్రింజ్, బూచర్, మార్డర్ 2004లో ఈ వలయం నమూనాలను 2 కోట్లకు పైగా కంప్యూటర్‌లో నడిపి చూశారు. ప్రతి నమూనాలో కణాల ఛానెళ్ళ పాళ్ళు, వాటి మధ్య అనుసంధానాల బలాలు వేర్వేరు. వాటిలో నిజమైన జంతువులో కనిపించే హద్దులకు సరిపడే లయను ఇచ్చినవి 4 లక్షలకు పైగా తేలాయి. ఒక దానిలో ఒక పొటాషియం కరెంటు బలంగా ఉంటే మరో దానిలో బలహీనంగా ఉంది, ఆ లోటును వేరొక కరెంటు పూడ్చింది. లయకు ఒకే ఒక సరైన కూర్పు ఉందనుకుని సగటులు తీసే అలవాటును ఈ పని గట్టిగా ప్రశ్నించింది. నా విద్యార్థులు ఛానెళ్ళ కొలతలకు సగటు తీసినప్పుడల్లా నేను దీనినే చదవమని చెబుతాను.

చెరువు సంగతి వేరు. నీటిలోని పొటాషియం లోపం ప్రధానంగా మొప్పలలోని సోడియం-పొటాషియం పంపును, దాని ద్వారా శరీరంలోని లవణాల సమతుల్యాన్ని దెబ్బతీస్తుంది. కండరాలు, నాడులు రెండూ ఆ తరువాత బాధపడతాయి. దానిని కేవలం నాడీముడి లయతో వివరించబోతే తప్పుదారి పడతాం.

అయినా పొటాషియం గాఢతకు లయ మీద నేరుగా ప్రభావం ఉన్న సందర్భం ఒకటి చెబుతాను. మన శరీరంలో కణం లోపల లీటరుకు 140, బయట 4 మిల్లీమోల్‌లు ఉన్నాయనుకుంటే పొటాషియం సమతౌల్య వోల్టేజి (పొటాషియం రాకపోకలు సరిసమానమయ్యే వోల్టేజి) −95 వస్తుంది. బయటి గాఢతను 8కి పెంచితే అది −76కి చేరుతుంది. కిందికి లాగే శక్తి ఆ మేరకు తగ్గి, మౌనంగా ఉన్న కణం కూడా లయలోకి రావచ్చు. శ్వాసను నడిపే ప్రీ-బాట్జింగర్ సముదాయాన్ని 1991లో స్మిత్, ఫెల్డ్‌మన్ బృందం గుర్తించింది. ఆ సముదాయం ఉండే మెడుల్లాను (మెదడు కాండపు కింది భాగాన్ని) పలుచని ముక్కగా కోసి ఆ లయను చూడాలంటే ఈనాటికీ ద్రావణంలో పొటాషియాన్ని 8 లేదా 9కి పెంచడం వాడుక.

కొండపి విద్యార్థిని

గురువులకు నమస్కారం. మా ప్రాంతంలో పొగాకు, మిరప పైర్లకు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులు కొడతారు. ఇవి పురుగుల సోడియం ఛానెళ్ళ మీద పనిచేస్తాయని చదివాను. లయ లేని నాడిలో కూడా ఇవి లయను పుట్టిస్తాయా?

ఒంగోలు వైద్యుడు

మంచి ప్రశ్న అమ్మా. పైరెత్రాయిడ్ అణువు తెరుచుకున్న సోడియం ఛానెల్‌కు అంటుకుని దానిని త్వరగా మూసుకోనివ్వదు. దోమల కాయిల్స్‌లో వాడే అల్లెత్రిన్ వంటి వాటితో ఆ ఆలస్యం పదుల మిల్లీసెకన్లు. అందువల్ల ఒక్క ప్రేరణకు ఒక్క స్పైక్ ఇవ్వవలసిన నాడి వరుసగా స్పైక్‌లు ఇస్తూ పోతుంది. నువ్వు చెప్పిన రెండు మందులలో సయనో సమూహం ఉంటుంది. వాటితో ఛానెల్ ఇంకా చాలాసేపు తెరిచి ఉండిపోయి, పైన సార్ చెప్పినట్లు వోల్టేజి పైనే చిక్కుకుని నాడి మూగబోతుంది. లోపలికి వచ్చే కరెంటు కొంచెం నిలిస్తే లయ, మరీ నిలిస్తే మౌనం. వెచ్చని శరీర ఉష్ణోగ్రత, త్వరగా విచ్ఛిన్నం చేసే కాలేయం మనుషులకు కొంత రక్షణ ఇస్తాయి. అయినా పిచికారీ చేసేవారికి ముఖం మీద మంట, తిమ్మిరి రావడం ఈ కారణంగానే. చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ లేకుండా పొలంలోకి వెళ్ళవద్దని ఇంట్లో వారికి చెప్పు.

కావలి అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. దీనిని తరగతిలో కళ్ళకు కట్టేలా చూపడానికి మా కళాశాలలో నాడీకణాల ప్రయోగశాల లేదు, కంప్యూటర్లు మాత్రం ఉన్నాయి. హాడ్జ్‌కిన్-హక్స్‌లీ సమీకరణాలతో విద్యార్థులు స్వయంగా చేసి చూడగలిగిన అభ్యాసం ఏదైనా సూచించగలరా?

గుండ్లకమ్మ గట్టు

మేడమ్ గారూ, నేను నా కంప్యూటర్‌లో చేసినదే రాస్తాను. 1952 నాటి విలువలే తీసుకోండి: చదరపు సెంటీమీటరుకు సోడియం వాహకత్వం 120, పొటాషియం 36, లీకు 0.3 మిల్లీసీమెన్స్, ఉష్ణోగ్రత 6.3 డిగ్రీలు. బయటి కరెంటు సున్నా ఉంటే కణం −65 దగ్గర మౌనంగా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోఆంపియర్లు నిరంతరంగా ఇస్తే సెకనుకు సుమారు 70 స్పైక్‌లు వస్తాయి. ఇప్పుడు ఆ కరెంటును తీసివేసి, దాని బదులు దాదాపు 0.1 మిల్లీసీమెన్స్ స్థిరమైన సోడియం లీకును సమీకరణంలో చేర్చమనండి. బయటి నుంచి ఏమీ ఇవ్వకుండానే లయ మొదలవుతుంది. మీ విద్యార్థిని ప్రశ్నకు ఆమె చేతులతోనే సమాధానం వస్తుంది.

తరువాత లీకును కొద్దికొద్దిగా తగ్గించి, సెకనుకు మూడు స్పైక్‌ల వేగానికి తీసుకురమ్మని చెప్పండి. అది సాధ్యం కాదు. వేగం కొంతవరకు తగ్గి, లయ హఠాత్తుగా ఆగిపోతుంది.

సింహపురి శరీరధర్మం (నెల్లూరు)

ఆ ఆగిపోయే చోటే పాఠంలో ముఖ్యమైన భాగం మొదలవుతుంది. స్క్విడ్ ఆక్సాన్‌లోని కరెంట్లన్నీ కొన్ని మిల్లీసెకన్లలో పని ముగిస్తాయి, కాబట్టి మూడు వందల మిల్లీసెకన్ల విరామాన్ని పట్టి ఉంచగల ఎదురుశక్తి దానిలో లేదు. కానర్, స్టీవెన్స్ 1971లో సముద్రపు నత్తజాతి జీవి కణాలలో వర్ణించిన ‘ఏ’ (A) రకం అనే పొటాషియం కరెంటును నమూనాకు చేర్చమనండి. స్పైక్ తరువాతి లోతులో అది సిద్ధమై, వోల్టేజి పైకి పాకుతున్నప్పుడు తెరుచుకుని, క్రమంగా నిష్క్రియమవుతూ దారి ఇస్తుంది. అప్పుడు వేగాన్ని ఇంకా కిందికి దించవచ్చు. విద్యార్థులకు ఓపిక ఉంటే ఆ కరెంటు నిష్క్రియమయ్యే కాలాన్ని రెండింతలు చేసి, స్పైక్‌ల మధ్య వ్యవధి ఎంత పెరిగిందో గ్రాఫు మీద గుర్తించమని చెప్పండి. మేడమ్ గారూ, వారి గ్రాఫులను ఇక్కడ పెడితే నేను ఒక్కొక్కటిగా చూసి రాస్తాను.